ఇచ్చుటయు, పుచ్చుకొనుటయు

గడచిన బతుకమ్మ సెలవులలో మేమును, చదువుకొన్ననాటి మా మిత్రుడొకడును ఓరుగల్లునకు పోయి నాలుగుదినములు గడపి వచ్చితిమి. ఆ పట్టణమును వర్ణించుట మా యుద్దేశము కాదు. కోటయు, గుడులును, చెఱువులును చూడదగినవే కాని, వానిని గూర్చిన పుస్తకములకు కొదువలేదు. మాకు అచ్చట ఒక ప్రశ్న యెదురైనది. అది ఏ శాస్త్రగ్రంథమునందును పుట్టినది కాదు. లాడ్జి కిరాయియందు పుట్టినది. కలిగినవాడు లేని మిత్రునకు ఏ తీరున ఈయవలెను? లేనివాడు కలిగిన మిత్రునినుండి ఏ తీరున పుచ్చుకొనవలెను? ఇది మిత్రులకు మాత్రమే సంబంధించినది కాదు. ఒక కడుపున పుట్టిన అన్నదమ్ములలో ఒకడు కలవాడును, ఒకడు లేనివాడును అయిన ప్రతి యింటను ఈ ప్రశ్న పండుగకు పండుగకు గడపలో వచ్చి నిలుచుచున్నది. కావున జరిగిన సంగతిని దాపఱికము లేక చెప్పెదము. తప్పు మాదేయని ముందుగానే ఒప్పుకొనుచున్నాము.

నలువదియేండ్లకు పూర్వము మేమిద్దఱమును హనుమకొండలో ఒక గదియందుండి చదువుకొంటిమి. గది యని పేరే గాని అది ఒకరి యింటి వెనుకటి వసారా. మా మిత్రుని తండ్రి సేద్యగాడు. నెలకొకసారి బియ్యపుమూటను బస్సుమీద వేసి పంపెడివాడు. మాకు ఇంటినుండి మనియార్డరు రావలెను. అది తఱచుగా ఆలస్యమగుచుండెను. అట్టి దినములలో మేము తినిన యన్నమంతయు ఆ మూటలోనిదే. మేము లెక్క వేయలేదు. ఆతడును వేయలేదు, అందులోను ఆతడు లెక్కలలో మా తరగతికి మొదటివాడు! పిదప మాకు సర్కారు కొలువు దొరకినది, నేడు పింఛను వచ్చుచున్నది. ఆతడు ప్రైవేటు పాఠశాలలలో ముప్పదియైదేండ్లు లెక్కలు చెప్పెను. ఆతని శిష్యులు కొందఱు ఇంజనీర్లై సముద్రములు దాటిరి. ఆతనికి మాత్రము పింఛను లేదు. ఒక యెకరము పొలమును, సాయంకాలములందు నలుగురు పిల్లలకు చెప్పు పాఠములును ఆతని జీవనాధారము.

ప్రయాణమునకు పిలిచినవారము మేము. ఆతడు ఒక్క నియమము పెట్టెను: ఖర్చు చెరిసగము. మేము సరే యంటిమి. అన్న తరువాత, మా యలవాటుకు తగిన లాడ్జిని మేమే కుదిర్చితిమి. గదికి రాత్రి యొక్కటికి కిరాయి 2,400 రూపాయలు. ఆతనితో 1,000 యని చెప్పితిమి. ఆతడు మూడురాత్రులకు తన పాలు 1,500 రూపాయలను మొదటి సాయంకాలమే లెక్కించి మా చేతిలో పెట్టెను. నోట్లు మడతలు పడియుండెను. మేము వానిని తీసికొని, మనసులో మమ్ము మేమే మెచ్చుకొంటిమి. ఎంత నేర్పుగా, ఎంత సున్నితముగా మిత్రుని యభిమానమును కాపాడితిమి! పాఠకులలో పెక్కుమంది యీ పని చేసియే యుందురు. చేసి, మావలెనే సంతోషించియు నుందురు.

మేము చేరిన దినము ఆఱవది, అనగా అలిగిన బతుకమ్మ. ఆనాడు బతుకమ్మను పేర్చరు. పట్టణమంతయు పూలు లేక చిన్నవోయినట్లుండెను. మఱునాడు ఉదయము వేయిస్తంభముల గుడికి పోతిమి. కాకతి రుద్రదేవుడు 1163లో కట్టించిన ఆ త్రికూటాలయమున శివునకును, విష్ణువునకును, సూర్యునకును వేఱువేఱు గర్భగృహములు కలవు. మండపము మాత్రము ముగ్గురికిని ఒక్కటియే. చదువుకొన్ననాళ్లలో మేము ఆ స్తంభములను లెక్కింప పూనుకొని, ఒక్కొక్కసారి ఒక్కొక్క సంఖ్య తేలగా, వెయ్యి మాత్రము ఎన్నడును తేలక, నవ్వుకొనుచు ఇంటికి వచ్చెడివారము. ఈసారి కల్యాణమండపమును తిరిగి చూచు భాగ్యము కలిగినది. 2006లో దానిని రాతికి రాయి విప్పి, పునాదినుండి మరల నిలిపి, 2024లో తెఱచిరి. మా మిత్రుడు చాలసేపు రాళ్ల అతుకులను చేతితో తడవుచు నిలిచి, విప్పుట సులభమే, ఏ రాయి యెక్కడిదో జ్ఞాపక ముంచుకొనుటయే కష్టమనెను.

చిల్లర ఖర్చులయందును మా నేర్పు సాగుచునే యుండెను. ఈ కాలమున సొమ్ము చెల్లించుట మిక్కిలి సులభమైనది. ఎదుటివానిని చెల్లింపనిచ్చుట కష్టమైనది. పూర్వము సంచి విప్పి చిల్లర లెక్కించుటకు కొంత వ్యవధి పట్టుచుండెను. ఆ వ్యవధిలో రెండవవాడు తన జేబు తడవుకొనుటకు వీలుండెను. ఇప్పుడు ఫోను నొకసారి ఎత్తిచూపిన చాలును, పని తీరిపోవును. ఆటో దిగునప్పుడును, చాయ్ త్రాగి లేచునప్పుడును మా మిత్రుని చేయి జేబునకు చేరులోపల మా ఫోను తన పని తాను చేయుచుండెను. ఆతడు రెండుమూడుసారులు మా వంక చూచెను. మేము ఆ చూపునకు కృతజ్ఞత యని యర్థము చెప్పుకొంటిమి.

మూడవనాడు కోటకు పోయి, కీర్తితోరణముల నీడలలో మధ్యాహ్నము వఱకు కూర్చుండి వచ్చితిమి. మేము తినుటకేమైన తెత్తుమని బజారునకు పోగా, ఆతడు తాళపుచెవికై లాడ్జిలో నిలిచియుండెను. ఎవరో ప్రయాణికులు వచ్చి కిరాయి యడిగిరి, గుమాస్తా చెప్పెను. మా మిత్రుడు లెక్కల పంతులు. మేము తిరిగి వచ్చునప్పటికి ఆతడు మంచముపై గాక కుర్చీలో కూర్చుండియుండెను.

"కిరాయి రెండువేల నాలుగు వందలట గదా. నాకెందుకు అబద్ధం చెప్పినవు?" అనెను.

నీకు భారమగునని చెప్పలేదంటిమి.

"భారమైతదంటే చిన్న లాడ్జిల ఉందామంటుంటి. లేకుంటే, ఈసారికి నువ్వే పెట్టుకోరా అని నేనే అంటుంటి. ఆ మాట అనే వీలు కూడ నాకు లేకుండ చేసినవు. రెండు రాత్రులు సగం కిరాయి కట్టిననని కాళ్లు చాపుకొని నిండుగ పండుకున్న."

మేము వెంటనే మా పక్షమున వాదించితిమి. ఎవరినుండియు ఏమియు పుచ్చుకొనననుట కూడ ఒక గర్వమే కదా యంటిమి. ఆ మాట అబద్ధము కాదు. లోకములో అట్టివా రుందురు. వారు లేమిని కవచముగా తొడుగుకొని, ప్రేమతో వచ్చినవానిని సైతము దరిచేరనీయరు. కాని మా మిత్రుడు ఒక్క మాటతో మా నోరు మూయించెను. "వద్దన్ననా? నువ్వు అడిగినవా?"

ఆ రాత్రి మాకు నిద్ర రాలేదు. పుణ్యకార్యములలో గుప్తదానము గొప్పదని చిన్ననాటనుండి వినుచున్నాము. కుడిచేయి యిచ్చినది ఎడమచేతికి తెలియరాదని క్రైస్తవుల గ్రంథమును చెప్పుచున్నది. మేము చేసినదియు గుప్తదానమే గదా, దానియందు దోషమెక్కడ? ఆలోచింపగా మాకు తోచిన దేమనగా: గుప్తదానమున దాత పేరు గుప్తమగును గాని దానము గుప్తము కాదు. పుచ్చుకొన్నవానికి తాను పుచ్చుకొన్నట్లు తెలియును. ఆకలిగొన్నవాడు తినినది పరుల యన్నమని యెఱిగియే తినును. ఎవరిదో యెఱుగడు, అంతియే. మేము చేసినది దానికి తలక్రిందు. ఇచ్చినవారు ఎదుటనే యున్నారు, ఇచ్చుటయే కనబడదు. పెద్దవాడు పిల్లవానితో పందెమాడి కావలెనని యోడిపోవునట్లు మేము ఓడినట్లు నటించితిమి. పిల్లవానితో అది ముద్దు. అఱువదియేండ్లు దాటిన మనుష్యునితో అది అవమానము.

మన పురాణేతిహాసములలో పాత మిత్రుల కథలు రెండు గలవు. రెండును లేమితోనే మొదలగుచున్నవి. ద్రోణుడును ద్రుపదుడును కలిసి చదువుకొన్నవారు. ద్రుపదుడు రాజయ్యెను. ద్రోణుని కుమారుడు పాలు లేక పిండినీళ్లు త్రాగి పాలేయని గంతులు వేసెను. ద్రోణుడు మిత్రుని యొద్దకు పోగా, స్నేహము సమానులకే గాని రాజునకును బీదకును ఎక్కడిదని ద్రుపదుడు నిండుసభలో త్రోసిపుచ్చెను. తరువాతి కథ యందఱు నెఱిగినదే. శిష్యులచేత ఆతనిని పట్టి తెప్పించి, ద్రోణుడు సగము రాజ్యము తా నుంచుకొని, సగము తిరిగి యిచ్చి, ఇప్పుడు మనము సమానులమైతిమి గనుక మిత్రులమనెను. ఎంత సరియైన లెక్క! సగమునకు సగము. కాని ఆ లెక్కనుండి మైత్రి మరల పుట్టలేదు. ద్రోణుని చంపుటకై ధృష్టద్యుమ్నుడు పుట్టెను. మిత్రులనడుమ అంతరము మితిమీరిన స్నేహము నిలువదని గ్రీకుదేశపు అరిస్టాటిలు సైతము చెప్పి, దేవతలతో మనుష్యులకు మైత్రి కుదురకుండుటను ఉదాహరణముగా చూపెను. ఆ యుదాహరణము మనవారికి సరిపడదు. మనవారు దేవునికే కుచేలుని మిత్రునిగా చేసిరి.

కుచేలుని కథను మన యిండ్లలో తెలియనివారుండరు. దానిని తెనుగున చెప్పిన పోతన యింటిపేరగు బమ్మెర ఓరుగల్లునకు ఎంతో దూరము లేదు. ఆ కథలో మేము ఇన్నాళ్లును గమనింపనిది ఒకటి యున్నది: క్రమము. శ్రీకృష్ణుడు మొదట ఈయలేదు. మొదట కాళ్లు కడిగెను. గురుకులమున కట్టెలకై అడవికి పోయి వానలో చిక్కుకొన్న నాటి సంగతులు తలచుకొనెను. పిదప, నాకేమి తెచ్చితివని యడిగెను! కలిమిగలవాడు లేనివానిని అడుగుట! సిగ్గుపడి దాచుకొన్న అటుకుల మూటను చేతినుండి లాగికొని తినెను. ఇచ్చుట యంతయు దాని తరువాతనే. ఆ యిచ్చుట కుచేలునకు తెలియకుండ జరుగలేదా, మీ లాడ్జి కిరాయికిని దానికిని భేదమేమని ఎవరైన అడుగవచ్చును. మేమును ఆ రాత్రి అడుగుకొంటిమి. భేదమున్నది. మిత్రుడు ఇంటికి చేరగానే ఆ సంపద యెవరిదో ఆతనికి తెలిసిపోయినది. దాచినది కొన్ని గడియలపాటు మాత్రమే. అదిగాక భగవంతునకు ఎదుటివాని హృదయము తెలియును. మాకు తెలియదు. తెలియనివారము అడుగవలెను.

ఓరుగల్లు సీమలోని రాళ్లకును ఈ సంగతి తెలిసియున్నది. పద్మాక్షిగుట్టపైని జైనబసది 1117వ సంవత్సరమునాటి శాసనమున మంత్రి బేతని భార్య మైలమ దాని కట్టించినట్లు చెక్కియున్నది. దానశాసనములలో ఎవరిచ్చిరి, ఎవరు పుచ్చుకొనిరి, ఎంత భూమి, దాని యెల్లలెక్కడ అనునది అందఱు చదువునట్లు వ్రాయుదురు. అది దాత కీర్తికొఱకేయని మేము ఇదివఱకు తలచుచుంటిమి. కొంతవఱకు నిజమే. కాని దానివలన పుచ్చుకొన్నవానికిని ఒక హక్కు కలుగుచున్నది: తనది తనదని బహిరంగముగా చెప్పుకొను హక్కు. మన పెండ్లిండ్లలో చదివింపులను గట్టిగా చదివి పుస్తకమున వ్రాయుటను చూచి మేము ఎన్నియో పర్యాయములు హాస్యమాడితిమి. బంధుప్రేమకు చిట్టా యేమిటని. ఆ చిట్టాయందు వర్తకబుద్ధి లేకపోలేదు. నూటపదహార్లు చదివించినవానికి నూటపదహార్లే తిరిగి చదివించు పట్టింపు మంచిదనియు చెప్పము. ఐనను బీదమేనమామ చదివించిన ఇరువది రూపాయలును ఆ పుస్తకమునందు ఒక పంక్తిని ఆక్రమించును; ఆ పంక్తి ఆతనికి అక్కఱ.

తెల్లవాఱినది. ఆ దినము సద్దుల బతుకమ్మ. మేమిద్దఱమును మాటలేక నడుచుచు కాళోజీ కళాక్షేత్రము వైపు పోతిమి. కాళోజీ నారాయణరావుగారు 1914లో పుట్టి 2002లో గతించిరి. 1992లో పద్మవిభూషణము వచ్చినది. చివరకు దేహమును సైతము కాకతీయ వైద్యకళాశాలకు ఇచ్చిపోయిరి. ఇచ్చినవారిగానే ఆయనను లోకము తలచుచున్నది. మా మిత్రునకు జ్ఞాపకము వచ్చినది వేఱు. కాళోజీగారి యన్నగారు రామేశ్వరరావుగారు న్యాయవాది, "షాద్" అను పేర ఉర్దూలో కవిత్వము చెప్పినవారు. ఇంటి బరువును ఆయన మోయుచుండుటవలననే తమ్ముడు ఉద్యమములందును, జైళ్లయందును, కవిత్వమునందును బ్రదుకగలిగెను. ఆ సంగతిని కాళోజీగారు దాచుకొనలేదు. మా మిత్రుడు మెట్లపై కూర్చుండి, "ఆయన అన్న కష్టార్జితం తిన్నరు, తిన్ననని పదిమందికీ చెప్పిన్రు. నాకు చెప్పుకునే వీలే లేకపాయె," అనెను. కోపము తగ్గినది; వ్యథ తగ్గలేదు.

ఇదే పట్టణమున 1948 మొదలు 1955 వఱకు నడచిన కాకతీయ పత్రికలో పాములపర్తి వేంకట నరసింహారావుగారును, ఆయన బంధువు సదాశివరావుగారును "జయ–విజయ" అను ఒక్క పేరుతో వ్యాసములు వ్రాయుచుండిరి. వారిలో ఒకరు పిదప భారతదేశమునకు ప్రధానమంత్రి యైరి. ఆ జంటపేరు క్రింద ఎవరి వాక్యము ఎవరిదో చదువరికి కనబడదు. అట్టి కలయికలో ఒకరి పాలు ఒకరికి కలిసిపోవుట అందమే. అది వారిద్దఱికిని తెలిసి కలిపినది. మా గదిలోని బియ్యమును అట్టిదే. మేము 1,000 యని చెప్పిన కిరాయి అట్టిది కాదు.

సాయంకాలము పద్మాక్షిగుట్ట క్రిందికి పోతిమి. తంగేడు, గునుగు, బంతి, చేమంతి పేర్చిన బతుకమ్మలను తలలపై పెట్టుకొని వేలకొలది స్త్రీలు వచ్చుచుండిరి. 2014లో దీనిని రాష్ట్రపు పండుగగా ప్రకటించిరి గాని, ప్రకటనకు పూర్వమును ఈ పండుగ బీదయింటికి బరువు కాలేదు. తంగేడును గునుగును కొనవలసిన పూలు కావు, చేలగట్లపై పూచునవి. పాటలైన పిదప బతుకమ్మలను నీట విడిచి, స్త్రీలు గుంపులుగా కూర్చుండి, తెచ్చిన సద్దులు విప్పిరి. సత్తుపిండి, మలీద, పులిహోర. ఒకతె వాయన మిచ్చుచు ఇచ్చితినని పైకి చెప్పును. రెండవయామె పుచ్చుకొంటినని పైకి చెప్పును. చిన్ననాటినుండి విన్న మాటలే. రెండు నోళ్లనుండి రెండు మాటలు రావలసియుండుట ఎందుకో ఆనాడే మాకు వినబడినది.

మేము మగవారము, దూరముగా గట్టుపై నిలిచియుంటిమి. ఒక యిల్లాలు, కూలిపని చేసికొనునదివలె నున్నది, ఆకులో సత్తుపిండి పెట్టి మా యొద్దకు వచ్చి, "తీసుకోన్రి అన్నా," అనెను. "వద్దమ్మా, ఇప్పుడే తింటిమి," అని మా నోటినుండి వెంటనే వచ్చినది. అది అబద్ధము, మధ్యాహ్నమునుండి మేమేమియు తినలేదు. మా మిత్రుడు రెండుచేతులు చాపి ఆకును తీసికొని, "సల్లగుండమ్మా," యని చెప్పి, సగము మా చేతిలో పోసెను. పోయుచు నవ్వెను. "తీసుకునుడు నీకు రాదురా. ఎప్పటిసంది రాకుండ పోయింది?"

మేము బదులు చెప్పలేకపోతిమి. ఆ బియ్యపు మూటలనాడు వచ్చియుండెను. మొదటి జీతమునందో, మొదటి బదిలీయందో, ఎక్కడనో జారిపోయినది. నలుగురికి పెట్టువారమైతిమని సంతోషించితిమి గాని, నలుగురు పెట్టినది తినలేనివారమైతిమని గుర్తింపలేదు. మా యింటికి వచ్చు బీదబంధువులు తెచ్చిన కాయగూరలను మేము ఎన్నిమార్లు, ఎందుకు శ్రమ యని వంటింటి మూలకు తోసితిమో ఆ గట్టుపై నిలిచి లెక్కింప మొదలిడితిమి. మా మిత్రుని తండ్రి యిప్పుడు లేడు. ఆయన పంపిన బియ్యము మంచిదని ఆయనతో ఒక్కమాటైన అనియుంటిమా? జ్ఞాపకము లేదు.

కాజీపేట స్టేషనుకు ఆతడు మమ్ము సాగనంప వచ్చెను. ఆటో దిగినప్పుడు ఆతడు జేబులో చేయి పెట్టి, సంచి తీసి, ముడి విప్పి, నోట్లు లెక్కించునంతవఱకు మేము ఊరక నిలుచుంటిమి. ఎంతసేపో పట్టినట్లు తోచెను. ప్లాటుఫారముపై చాయ్ ఆతడే యిప్పించెను. పిదప జేబునుండి ఒక కాగితము తీసెను. మూడురాత్రులకు 7,200, అందు సగము 3,600, ఇచ్చినది 1,500, ఈయవలసినది 2,100. నెలకు 300 వంతున ఏడునెలలు. బడిపిల్లల నోటుపుస్తకమున వ్రాసినట్లు ముత్యములవంటి యంకెలు. వద్దని చెప్పుటకు నోరు తెఱచితిమి. ఆతడు మా ముఖము వంక చూచుచుండెను. కాగితమును మడచి చొక్కా జేబులో పెట్టుకొంటిమి.

ప్రతినెల మొదటివారమున 300 రూపాయలు వచ్చుచున్నవి. వచ్చినదని వెంటనే ఆతనికి ఫోను చేసి చెప్పుచున్నాము. ఆ సొమ్ము ఆతని యింట ఏ యవసరమునుండి తీసి పంపుచున్నాడో తలచుకొన్న ప్రతిసారి, తిరిగి పంపివేయుదమని చేయి లేచుచున్నది. పంపుట లేదు. అయిదు నెలలైనవి, రెండు మిగిలియున్నవి. ఆతడు పోయినవారము మాటాడుచు, ఈసారి వారి యూరికి రమ్మనియు, కొత్తబియ్యము వచ్చినవనియు చెప్పెను. వత్తుమంటిమి, తిరిగి వచ్చునప్పుడు ఒక మూట కట్టి యీయవలెనని అడిగితిమి.